దొరసాని ఎక్కని మలుపు

మా మామయ్యకూ నాకూ పడదన్న సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు. ఆయనది మొండిపట్టు, నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. పదకొండేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటూ, తలుపు గడియ దగ్గర్నుంచి టీలో పంచదార దాకా దేనిమీదైనా సరే పోట్లాడుకోగలం. మా ఆయన సంగీతం మాస్టారు. మా ఇద్దరి గొంతులూ లేచినప్పుడల్లా వయొలిన్ చంకన పెట్టుకుని మేడ మీదికి వెళ్లిపోతారు. అలాంటిది, ఆ ఆదివారం కొండ రోడ్డు మీద మామయ్య ఎదురు మాట లేకుండా తల ఊపడం చూసి నాకు నిజంగా భయం వేసింది.

జరిగింది ఇదీ. మా ఇంట్లో మామయ్య పెళ్లినాటి కారు ఒకటి ఉంది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు. బయల్దేరే ముందు అరగంట సేవలు చేయించుకోనిదే కదలదు కాబట్టి దాన్ని దొరసాని అంటాం. మామయ్య నలభై ఏళ్లు మెకానిక్ పని చేశారు, ఇంటి వెనక షెడ్డులోనే. కంప్యూటర్ తగిలిస్తే తప్ప జబ్బు చెప్పని కొత్త కార్లు వచ్చాక షెడ్డుకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి దొరసాని ఒక్కతే మిగిలింది. నెలకోసారి అత్తయ్యను అందులో ఎక్కించుకుని కొండ మీది ఊళ్లో ఉండే ఆవిడ అక్కగారింటికి తీసుకెళ్లడం ఆయనకు మిగిలిన పని.

కొండకు తొమ్మిది మలుపులు. ఏడాదిగా ఐదో మలుపు రాగానే దొరసాని బుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోతోంది. మామయ్య బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడతారు. అత్తయ్య అక్కడి పిట్టగోడ మీద కూర్చుని, ఇంజను చల్లారేదాకా ఊలు అల్లుతారు. ఆ గోడ మీదే ఆవిడ ఒక స్వెట్టరూ, ఒకటిన్నర జత మేజోళ్లూ పూర్తి చేశారు.

ఆ ఆదివారం నేనూ వెంట ఉన్నాను. మళ్లీ అదే మలుపు, మళ్లీ అదే ఆవిరి. దారిన పోయే కుర్రాడొకడు కారు ఆపి నీళ్ల సీసా అందిస్తూ, "ఇంకా ఎందుకు తాతగారూ దీన్ని పట్టుకుని వేలాడతారు? పాత ఇనుముకి వేసేయండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మామూలుగా అయితే మామయ్య వాడి కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి తీసి, ఉతికి ఆరేసేవారు. కానీ ఆయన సీసా అందుకుని, "నిజమే బాబూ" అని తల ఊపారు.

ఇంటికి రాగానే పాత ఇనుము వ్యాపారికి ఫోన్ చేశారు. శనివారం సాయంత్రం నాలుగింటికి లారీ తెస్తానన్నాడు. ఆ తర్వాత మామయ్య పానాలన్నీ నేల మీద పరిచి, ఒక్కొక్కదానికీ నూనె రాసి, పాత దుప్పట్లో చుట్టి, తాడు కట్టి అటక మీద పెట్టేశారు. పోతున్నది కారు ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది. దొరసాని లారీ ఎక్కితే ఆ షెడ్డు తలుపు మళ్లీ తెరుచుకోదు. ఇక తన చేతులతో పని లేదని ఆయన నమ్మేసినట్టే.

సోమవారం పొద్దున నేను కావాలనే ఆయన టీలో పంచదార వేయలేదు. తాగేసి, మాట్లాడకుండా గ్లాసు కడిగి బోర్లించారు. మంగళవారమూ అంతే. పంచదార చెంచాడు తగ్గితే ఇల్లు ఎగరగొట్టే మనిషి!

నేను పాల డెయిరీ లాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేడి కొలవడమే నా ఉద్యోగం. అక్కడ పాలు కాచే యంత్రంలో ఒక వాల్వు ఉంటుంది. పాలు చాలినంత వేడెక్కకపోతే అది వాటిని ముందుకు పోనివ్వదు, దగ్గరి దారిన వెనక్కి తిప్పి మళ్లీ కాగడానికి పంపుతుంది. వేడి చాలిందా, ఆ దగ్గరి దారి మూసేస్తుంది. ఆ మంగళవారం వాల్వు సగంలో ఇరుక్కుపోయింది. కాగిన పాలు కూడా సగం వెనక్కే పోయి, కాగినవే మళ్లీ కాగుతున్నాయి. ఆపరేటర్ దాన్ని నానా మాటలూ అంటున్నాడు. నేను మీటర్ ముల్లు చూస్తూ నిలబడి, ‘మా దొరసానికీ ఇదే జబ్బు కాదు కదా’ అనుకున్నాను.

సాయంత్రం మా పెద్దసారుని అడిగి ఒక థర్మామీటర్ ఇంటికి తెచ్చాను. దొరసాని ఇంజనును పెరట్లోనే అరగంట సేపు తిరగనిచ్చి, పైపులన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాను. నీళ్లను చల్లార్చే రేడియేటర్ కిందినుంచి వచ్చే లావుపాటి పైపు గోరువెచ్చగా ఉంది. ఇంజను పైనుంచి వంకర తిరిగి నేరుగా నీళ్ల పంపులోకి దిగే బొటనవేలంత పైపు మాత్రం ముట్టుకోగానే చురుక్కుమంది. వేడి నీళ్లలో సగం రేడియేటర్ ముఖం కూడా చూడకుండా ఈ దొడ్డిదారిన ఇంజనులోకే తిరిగి పోతున్నాయన్నమాట.

"మామయ్యా, పైన ఆ రెండు బోల్టుల మూత కింద ఏముంది?" అని అడిగాను. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుని ఉన్నారు.

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి? థర్మోస్టాట్ ఉండాలి కదా?"

"ఉండేది. నేనే తీసేశాను. ఇరవై రెండేళ్లయింది."

థర్మోస్టాట్ అంటే అరచేతిలో ఇమిడే ఇత్తడి ముక్క. దాని పొట్టలో మైనం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది, వేడెక్కితే మైనం కరిగి ఉబ్బి, తలుపు తెరిచి నీళ్లను రేడియేటర్‌కి వదులుతుంది. మామయ్య లెక్కలో అది ఉత్త దండగ. "మూసుకుని ఇరుక్కుందనుకో, ఇంజను మాడిపోతుంది. అసలది లేకపోతే ఇరుక్కునేదే ఉండదు" అనేవారు. షెడ్డుకు ఏ పనిమీద వచ్చిన కారుకైనా, అడగకపోయినా, పనిలో పనిగా దాన్ని పీకేసి పంపేవారు. అది ఆయన చేతి ముద్ర. ఇంత శ్రద్ధగల మేస్త్రీ లేడని జనం పొగిడేవాళ్లు కూడా.

ఈ ఏడాదిలో ఆయన రేడియేటర్ కడిగించారు, పంపు మార్చారు, ఫ్యాన్ బెల్టు మార్చారు, ఇంజను తల విప్పి, అతుకులో నీళ్లు కారకుండా కొత్త గాస్కెట్ వేశారు. ఆ రెండు బోల్టుల మూత మాత్రం తీసి చూడలేదు. అక్కడ ఏమీ లేదని ఆయనకు తెలుసు కాబట్టి.

డెయిరీలో చూసింది చెప్పాను. దొడ్డిదారి మూసే దిక్కు లేకే నీళ్లు మరుగుతున్నాయన్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే ఈ ఇరవై రెండేళ్లూ ఎందుకు మరగలేదంట?"

అప్పటిదాకా ఊలు ఉండ చుట్టుకుంటున్న అత్తయ్య తలెత్తకుండానే అన్నారు. "మరగకేం. మొదట్లో తొమ్మిదో మలుపు దగ్గర మరిగేది, మీరు ఎండ అనేవారు. తర్వాత ఏడో మలుపు. ఇప్పుడు ఐదు. నా అల్లిక పొడుగు పెరుగుతోంది, మీరు చూసుకోలేదు అంతే."

మామయ్య లేచి నిలబడ్డారు. "నలభై ఏళ్లలో ఎన్ని బండ్లకి తీశానో తెలుసా? ఒక్కడైనా తిరిగొచ్చి ఇదేంటని అడిగాడా?" అనేసి లోపలికి వెళ్లిపోయారు. పోట్లాటలో ఆయన నాకు వీపు చూపించడం అదే మొదటిసారి. గెలిచానన్న సంతోషం నాకు రవ్వంత కూడా లేదు.

అయినా ఊరుకునే రకాన్ని కాను. గురువారం డెయిరీ నుంచి వస్తూ స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లాను. కొట్టతను అరల్లో వెతికి ఒక థర్మోస్టాట్ తీశాడు. "ఇది ఆ కారుదేనా?" అంటే, "అన్నీ ఒకటేనమ్మా, సైజు చూసుకోండి" అన్నాడు. కొని తెచ్చాను. అటక ఎక్కి దుప్పటి మూట దింపి, తాడు విప్పి, పానాలు తీసి, మూత విప్పి నేనే దాన్ని బిగించాను. గుంటలో అచ్చంగా సరిపోయింది. మామయ్య కిటికీలోంచి చూస్తున్నారని తెలుసు. నేను పానా తిప్పే తీరు చూసి ఆయనకు ఒళ్లు మండే ఉంటుంది. అయినా ఒక్క మాట అనలేదు.

శుక్రవారం సెలవు పెట్టి, మామయ్యనూ అత్తయ్యనూ బతిమాలి ఎక్కించుకుని కొండకు బయల్దేరదీశాను. చదును రోడ్డు మీద ఇంజను వేడి చూపే ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడింది. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. తీరా చూస్తే నాలుగో మలుపులోనే బుస్సుమంది. అక్కడ కూర్చోవడానికి పిట్టగోడ కూడా లేదు. మామయ్య ‘నేను చెప్పలేదూ’ అని కూడా అనలేదు. మెల్లగా దిగి, గుడ్డ చుట్టిన చేత్తో రేడియేటర్ మూత వదులు చేశారు. నేను రోడ్డు పక్కకు పోయి ఏడ్చాను. సగం కోపంతో, సగం రేపే శనివారమన్న దిగులుతో. ఇక నా వల్ల కాదనిపించింది.

శనివారం పొద్దున నేను వంటింట్లోకి వచ్చేసరికి బల్ల మీద పెద్ద బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది. దాని ముందు మామయ్య. డబ్బా నిండా థర్మోస్టాట్లు! నలభై ఏళ్లుగా తీసినవన్నీ, ఒక్కటి కూడా పారేయకుండా దాచారు. ఒక్కోదానికీ దారంతో చిన్న అట్టముక్క కట్టి ఉంది. ఎవరి బండిదో దాని మీద రాసి ఉంది. ‘పళ్ల డాక్టరు’, ‘డ్రాయింగు మాస్టారు’, ‘తపాలా ఆయన’.

"పారేస్తే మనది కాని వస్తువు పారేసినట్టవుతుందని ఉంచాను" అన్నారు, నేను అడక్కుండానే. తర్వాత రెండు ముక్కలు నా ముందుకు జరిపారు. ఒకటి నేను కొట్లో కొన్నది, నిన్న మేం కొండ దిగి వచ్చాక ఆయనే విప్పి తీసింది. ఇంకోదానికి ‘దొరసాని’ అని అట్టముక్క ఉంది. "తేడా చెప్పు అమ్మాయ్."

చూశాను. పైనుంచి రెండూ ఒకటే. కానీ దొరసానిదానికి అడుగున కాడ చివర చిన్న పళ్లెం లాంటిది ఉంది, రూపాయి బిళ్లంత. కొన్నదానికి లేదు.

"అది పాదం" అన్నారు మామయ్య. "వేడెక్కితే పైన తలుపు తెరుచుకుంటుంది. అదే దెబ్బకి ఈ పాదం కిందికి దిగి దొడ్డిదారి మూసేస్తుంది. రెండు పనులూ ఒకటే ముక్క చేస్తుంది. అన్ని ఇంజన్లకీ ఇది ఉండదు. దీనికి ఉంది." ఆ ముక్కను మళ్లీ బల్ల మీద పెట్టారు. "నువ్వన్నదే నిజం. నలభై ఏళ్లు నేను తలుపొక్కటే చూశాను. పాదం చూళ్లేదు."

ఆయనతో పోట్లాడడం నాకు తెలుసు గానీ, ఆయన తప్పు ఒప్పుకుంటే ఏం మాట్లాడాలో తెలియదు. "దొరసానిది పనిచేస్తుందేమో చూద్దాం మామయ్యా" అని మాత్రం అన్నాను.

అత్తయ్యనడిగితే ఇవ్వరని, అడక్కుండానే పాలగిన్నె తీసి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. నేను థర్మామీటర్ గిన్నె అడుగుకు తగలకుండా పట్టుకున్నాను. మామయ్య కుట్టుదారం తెచ్చి, థర్మోస్టాట్ తలుపు గోటితో కొంచెం ఎత్తి, సందులో దారం ఇరికించి వదిలారు. ఆ దారంతోనే దాన్ని నీళ్లలో వేలాడదీశారు. "తెరుచుకుందా, దారం వదిలేసి అదే కింద పడుతుంది. కళ్లు చికిలించుకునే పని లేదు" అన్నారు. పన్నెండేళ్ల లాబ్ ఉద్యోగంలో ఇంత మంచి ఉపాయం నాకెవరూ చెప్పలేదు.

దొరసానిది పడలేదు. నీళ్లు తెర్లినా పడలేదు. "మూసుకుని చచ్చింది. ఆ రోజు కూడా ఇంతే, అందుకే తీశాను. తీసినవాణ్ణి కొత్తది వేసి ఉండాల్సింది" అన్నారాయన. డబ్బా బోర్లించి వెతికితే పాదం ఉన్నవి ఇంకో ఆరు దొరికాయి. ఒక్కొక్కటే వేలాడదీశాం. ఒకటి, రెండు, మూడు, దేనికీ చలనం లేదు. నాలుగోది వేలాడుతుండగా ముల్లు డెబ్బై తొమ్మిది, ఎనభై దాటింది. ఎనభై రెండు దగ్గర టప్పుమని గిన్నె అడుగున పడింది. అంచు మీద ముద్ర కొట్టి ఉన్న అంకె కూడా ఎనభై రెండే. ఇద్దరం ఒకేసారి అరిచాం. అత్తయ్య పరిగెత్తుకుంటూ వచ్చి, గిన్నెలో ఏముందో చూసి, తల పట్టుకున్నారు.

అట్టముక్క మీద ‘పళ్ల డాక్టరు’ అని ఉంది. నేను పానా అందుకోబోతే మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది ఆయనది. అడగాలి."

"ఇరవై ఏళ్లుగా మీ డబ్బాలో పడి ఉంది కదా, ఇప్పుడు అడిగేదేంటి? నాలుగింటికి లారీ వస్తుంది!"

"అడగాలి" అన్నారు మళ్లీ. ఆ మొండితనం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. లైను కలిశాక ముందు కుశలం అడిగారు. "డాక్టరు గారూ, నేను, షెడ్డు మేస్త్రీని. బాగున్నారా? మీ కారు ఎలా ఉంది?" అవతల ఆయన ఏదో చాలాసేపు చెప్పారు. మామయ్య కళ్లు మూసుకుని విన్నారు. "ముసలిదైపోవడం కాదండీ. ఇంజన్లో ఉండాల్సిన ముక్క నేను తీసేశాను. మీరడక్కుండానే తీశాను. అందుకే మరుగుతోంది. తప్పు నాది." డాక్టరు తిడతాడనే అనుకున్నాను. కాసేపటికి మామయ్య ఫోన్ పెట్టేసి, "ఆ కారు తొమ్మిదేళ్లుగా మూల పడి ఉందట. ముందు మీ బండిలో పెట్టి కొండ ఎక్కండి, ఎక్కితే నాకు ఫోన్ చేయండి అన్నారు" అన్నారు.

ఇక చూడాలి ఆయన్ని. మూత అంటుకునే చోట పాత గాస్కెట్ పీచు మొత్తం గీకి తీశారు. మందపాటి కాగితం మీద మూతను అద్ది, కత్తెరతో కొత్త గాస్కెట్ కత్తిరించారు. "స్ప్రింగు ఇంజను వైపు. అటూ ఇటూ అయితే మళ్లీ మొదటికొస్తుంది" అని నాకు చెబుతూ బిగించారు. రేడియేటర్ నింపి ఇంజను తిప్పాం. పది నిమిషాల్లో ముల్లు సర్రున ఎర్రగీత దాకా లేచింది. నేను గబగబా పానా అందుకోబోయాను. మామయ్య మాత్రం ఇంజను ఆపి, పైపు మీద చెవి ఆనించినంత పనిచేసి విన్నారు. "గులగుల అంటోంది. గాలి పట్టింది, అంతే." ముందు చక్రాలు రెండూ గుమ్మం మెట్టు మీదికి ఎక్కించి, దొరసాని ముక్కు పైకి లేపి నిలబెట్టారు. చల్లారాక రేడియేటర్ మూత తీసి, నీళ్లు పోస్తూ గుడ్డతో పైపును పిండి వదిలారు. బుడబుడమని గాలి తేలిపోయింది. మళ్లీ తిప్పితే ముల్లు ఎనభై దాటి, కాస్త పైకి లేచి, కాస్త దిగి, మధ్యలో కుదురుకుంది. ఇది నా థర్మామీటర్ వల్ల అయ్యే పని కాదు.

ఒంటిగంటకు బయల్దేరాం. అత్తయ్య అలవాటు కొద్దీ ఊలు సంచి ఒళ్లో పెట్టుకున్నారు. నాలుగో మలుపు దాటాం. ఐదో మలుపులో ముల్లు కదిలింది, నేను సీటు అంచు పట్టుకున్నాను. ఒక్క గీత లేచి, అక్కడే ఆలోచించుకుని, మళ్లీ కిందికి దిగింది. పిట్టగోడ పక్కనుంచి వెళ్లిపోయింది. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో మలుపు తిరిగి కొండ మీది ఊరు కనబడేసరికి అత్తయ్య సంచి తెరిచి, మళ్లీ మూసేసి, "రెండో మేజోడు ఎప్పటికి అయ్యేనో ఇక" అన్నారు. మామయ్య కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. దాచుకోవడానికి ఏముంది!

అత్తయ్య అక్కగారింటినుంచి మామయ్య డాక్టరు గారికి ఫోన్ చేశారు, తన కారు కూడా పట్టుకెళ్లమన్నారట ఆయన. అక్కడ పది నిమిషాలు కూడా కూర్చోలేదు. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు ఇంట్లో ఉన్నాం. చెప్పినట్టే లారీ వచ్చింది. వ్యాపారి దొరసాని చుట్టూ ఒకసారి తిరిగి, "లేపేద్దామా మేస్త్రీ గారూ?" అన్నాడు.

"ఇవ్వడం లేదు" అన్నారు మామయ్య. "అయినా నీ లారీ ఊరికే ఎందుకు పోవాలి? పద, పళ్ల డాక్టరు గారింటికి పోదాం. అక్కడ ఒక కారుంది. కట్టి లాక్కొచ్చి మా షెడ్డులో దింపాలి."

"నేను కార్లు పట్టుకుపోయేవాణ్ణండీ, తెచ్చిపెట్టేవాణ్ణి కాదు."

"ఇవాళొక్కరోజు తెద్దువుగాని, ఎక్కు" అని, ఆయనే ముందు లారీ ఎక్కి కూర్చున్నారు.

కారు షెడ్డులోకి చేరేసరికి ఐదున్నర అయింది. దాని మీద తొమ్మిదేళ్ల దుమ్ము. మామయ్య స్పేర్ పార్టుల కొట్టుకు ఫోన్ చేసి, "పాదం ఉన్నవే కావాలి. ఎన్ని రోజులైనా సరే ఏడు తెప్పించు" అని గట్టిగా చెబుతున్నారు. డ్రాయింగు మాస్టారిదీ తపాలా ఆయనదీ ఫోన్ నంబర్లు ఎలా దొరుకుతాయని మా ఆయన్ని వేధించడం అప్పటికే మొదలైంది. అటక మీది దుప్పటి షెడ్డు నేల మీద పరిచి ఉంది, పానాలన్నీ దాని మీద. అత్తయ్య పాలగిన్నె తెచ్చి ఆ పానాల పక్కన ఠపీమని పెట్టారు. "ఇది ఇక వంటింటి గడప తొక్కకూడదు" అన్నారు.

నేను అందరికీ టీ పెట్టాను. వారం నుంచి అలవాటైన చెయ్యి కదా, మామయ్య గ్లాసులో పంచదార వేయడం మరిచిపోయాను. ఆయన కారు కింద నుంచి మసి చేతులతో లేచి వచ్చి, ఒక్క గుక్క తాగి, గ్లాసు దూరంగా పెట్టారు.

"ఇదేం టీ అమ్మాయ్? ఇంట్లో పంచదార నిండుకుందా, లేక నీ చెయ్యి పడిపోయిందా?"

"సోమవారం నుంచి తాగుతున్నారుగా, ఇవాళే తెలిసొచ్చిందా?" అని నేనూ గొంతు పెంచాను. మా ఆయన వయొలిన్ తీసుకుని మేడ మెట్లు ఎక్కడం వినబడింది.